మోకాలి లిగమెంట్ తెగింది, రైల్వే ట్రయల్స్ దాకా వెళ్ళాను: నా అనుభవం

నా ఎడమ మోకాలిలో ఏసీఎల్ (తొడ ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టుకునే లిగమెంట్) తెగింది 2023 అక్టోబర్ చివర్లో. ఆపరేషన్ అదే ఏడాది డిసెంబర్‌లో అయింది. మళ్ళీ పూర్తి బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఆడింది 2024 నవంబర్‌లో. రైల్వే స్పోర్ట్స్ కోటా ట్రయల్స్‌కి వెళ్ళింది 2025 ఫిబ్రవరిలో. ఈ మధ్య జూనియర్ అమ్మాయిలు ఇదే గాయంతో ఫోన్ చేస్తున్నారు. "అక్కా, ఎంతవుతుంది? ఎన్నాళ్ళు పడుతుంది? ఉద్యోగానికి అడ్డమా?" అని అడుగుతున్నారు. తలా ఒక ముక్క చెప్పేకన్నా మొత్తం ఒకచోట రాస్తే మేలనిపించింది.

మాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో గుమాస్తా, అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఎనిమిదో తరగతి నుంచి బాస్కెట్‌బాల్ ఆడుతున్నాను, గార్డ్ పొజిషన్‌లో. డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేరాను. జీతం 14,000.

బాస్కెట్‌బాల్ ఆడి బతకడం అంటే టీవీలో చూసే అమెరికా లీగ్ ఎన్‌బీఏ కాంట్రాక్టులు గుర్తొస్తాయి. మా లెక్క వేరు. మన దేశంలో ఐఎన్‌బీఎల్ లాంటి లీగ్ 2022లో మొదలైన మాట నిజమే కానీ, నెలనెలా జీతం వచ్చే ఆట అంటే ఇప్పటికీ రైల్వే, ఇన్‌కమ్ ట్యాక్స్, కస్టమ్స్, పోలీసు, బ్యాంకులు. ఎక్కడ టోర్నీకి వెళ్ళినా సీనియర్లు ముందు అడిగేది "డిపార్ట్‌మెంట్ వచ్చిందా?" అనే. అమ్మాయిలకైతే రైల్వేనే పెద్ద కల. సీనియర్ నేషనల్స్‌లో ఏళ్ళ తరబడి రైల్వే మహిళలదే పైచేయి. సదరన్ రైల్వేలో పనిచేసిన అనిత పాల్‌దురై బిడ్డ పుట్టాక కూడా ఇండియాకి ఆడింది, 2021లో పద్మశ్రీ అందుకుంది. మా హాస్టల్ గదిలో ఆమె ఫొటో ఉండేది. అన్నిటికన్నా కింది లెవెల్-1 పోస్టు వచ్చినా మూల వేతనం 18,000, దానిమీద డీఏ, ఇంటద్దె. ప్రాక్టీస్‌కి వెసులుబాటు, క్యాంపులకి సెలవు. అది వస్తే ఇంట్లో ఇంకెవరూ "ఆటలెందుకు" అనరు.

గాయం అయిన రోజు పెద్ద మ్యాచేమీ కాదు, లోకల్ లీగ్. ఎవరూ తగల్లేదు, తోయలేదు. రింగ్‌కి తగిలి వెనక్కొచ్చిన బంతికి (రీబౌండ్) ఎగిరాను, దొరికింది, ఒంటికాలి మీద దిగుతూనే ఫాస్ట్ బ్రేక్‌కి (మెరుపు ఎదురుదాడికి) తిరగబోయాను. మోకాలి లోపల "టప్" మంది. పక్కనున్న అమ్మాయికి కూడా వినిపించిందట. రెండు మూడు నిమిషాలు ప్రాణం పోయినట్టుంది. తర్వాత విచిత్రంగా నొప్పి తగ్గింది. నడిచాను కూడా. స్ప్రే కొట్టించుకుని మళ్ళీ దిగుతానన్నాను. కోచ్ సార్ సైడ్ స్టెప్ వేయించి చూశారు. మోకాలు పక్కకి జారిపోయింది. "కూర్చోమ్మా, ఇవాళ్టికి చాలు" అన్నారు. రాత్రి ఎనిమిదయ్యేసరికి మోకాలిచిప్ప ఎక్కడుందో కనపడనంతగా వాచింది.

మర్నాడు ఇంటి దగ్గరి ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక బాగానే ఉంది, బెణుకు, వారం పదిరోజులు క్రేప్ బ్యాండేజీ కట్టుకోమన్నారు. ఇది చాలామందికి జరుగుతున్నదే కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు. "టప్" అన్న చప్పుడు, కొన్ని గంటల్లోనే వాపు, కాలు జారిపోతున్నట్టు అనిపించడం, ఈ మూడూ ఉంటే బెణుకు అన్నమాట దగ్గర ఆగొద్దు. అమ్మమ్మ పుత్తూరు కట్టు కట్టిద్దామని పట్టుబట్టింది. అక్కడ కట్టేది విరిగిన ఎముకకి అని నాన్న నచ్చజెప్పేసరికి రెండు రోజులు పట్టింది.

వాపు తగ్గింది, స్కూలుకి వెళ్ళాను. నవంబర్ మధ్యలో మెట్లు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి మడిచేసినట్టు అయింది, పిల్లల ముందే పడ్డాను. విజయవాడలో ఆటగాళ్ళకి చూసే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన మోకాలిని కొంచెం వంచి, కింది ఎముకని ముందుకి లాగి చూశారు. అర నిమిషం. ఎమ్మారై రాయకముందే ఆయన ముఖంలో తెలిసిపోయింది. ఎమ్మారైకి 6,500. రిపోర్టులో ఏసీఎల్ పూర్తిగా తెగింది, లోపలివైపు మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండేది) కూడా చిరిగింది అని ఉంది.

ఏడుపు అక్కడ రాలేదు. బయట నాన్న ఫోన్‌లో "అవునురా, ఆపరేషనేనంట" అని బాబాయికి చెబుతుంటే వచ్చింది.

వెంటనే ఆపరేషన్ చేసేస్తారనుకున్నాను. కాదు. ముందు వాపు పూర్తిగా తగ్గాలి, కాలు నిటారుగా చాపగలగాలి, తొడ కండ బలంగా ఉండాలి, అప్పుడే చేస్తామన్నారు. బిగుసుకున్న మోకాలికి చేస్తే తర్వాత అలాగే బిగుసుకుపోతుందట. అలా నెల రోజులు ఆపరేషన్ కోసమే వ్యాయామం చేశాను. ఆపరేషన్ లేకుండా బతకలేమా అని అమ్మ అడిగింది. మామూలు జీవితానికి కొంతమందికి అవసరం పడదని, ఉన్నట్టుండి దిశ మారుస్తూ, తిరుగుతూ, ఎగురుతూ ఆడే ఆటకైతే చేయించుకోవడమే మంచిదని డాక్టర్ చెప్పారు. తెగిన లిగమెంట్‌ని కుట్టరు, నా తొడ వెనక కండర స్నాయువు ఒకటి తీసి దాన్నే కొత్త లిగమెంట్‌గా అమరుస్తారని కూడా అప్పుడే తెలిసింది. చిప్ప కింది నుంచి తీసే పద్ధతీ ఉంది, దాంట్లో మోకాళ్ళ మీద కూర్చుంటే ఎక్కువకాలం నొప్పి ఉండొచ్చు. రెండింటి మంచిచెడులూ చెప్పి నన్నే నిర్ణయించుకోమన్నారు.

ఆ నెలలోనే, డిసెంబర్ మొదట్లో, లూథియానాలో సీనియర్ నేషనల్స్ జరిగాయి. ఫోన్లో చూస్తూ మడమ కింద టవల్ చుట్ట పెట్టుకుని కాలు చాపే వ్యాయామం చేసేదాన్ని. మ్యాచ్ మధ్యలో ఎవరైనా ఒంటికాలి మీద దిగితే కళ్ళు మూసుకునేదాన్ని.

డబ్బు సంగతి. ప్యాకేజీ 1,75,000 అన్నారు. సంతోషంగా తల ఊపాం. కొత్త లిగమెంట్‌ని పట్టి ఉంచడానికి లోపల పెట్టే బటన్, స్క్రూలు (ఇంప్లాంట్లు) ప్యాకేజీలో ఉండవని అడ్మిషన్ కౌంటర్ దగ్గర తెలిసింది. మెనిస్కస్‌కి కుట్లు పడితే ఆ సామాను విడిగా. డిశ్చార్జ్ రోజు బిల్లు 2,40,000కి దగ్గరగా వచ్చింది. మేం వెళ్ళినచోట ఆరోగ్యశ్రీ కార్డు మీద ఈ ఆపరేషన్ చేయమన్నారు. స్కూల్లో ఇన్సూరెన్స్ లేదు. లీగ్ ఆడించినవాళ్ళు ఫోన్ చేసి పరామర్శించారు, అంతవరకే. అమ్మ గొలుసులు రెండూ బ్యాంకులో తాకట్టుకి వెళ్ళాయి. నాన్న చీటీ ఎక్కువ తగ్గించి పాడి ముందే ఎత్తుకున్నాడు. కాబట్టి ఎవరైనా ప్యాకేజీ చెప్పగానే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఇంప్లాంట్లు ఇందులో ఉన్నాయా, మెనిస్కస్ కుట్టాల్సి వస్తే ఎంత పెరుగుతుంది?" రాసి ఇమ్మనండి.

ఆపరేషన్ రోజు భయపడినంత లేదు. వంగి కూర్చోబెట్టి వెన్నులో మత్తు ఇచ్చారు. నడుము కింద నా శరీరం నాది కాదు. పక్కన తెర మీద మోకాలి లోపలంతా తెల్లగా, నీళ్ళలో తేలుతూ కనిపించింది. చూడొద్దన్నారు గానీ చూశాను. మధ్యలో డాక్టర్ "మెనిస్కస్ తీసేయక్కర్లేదమ్మా, కుట్టొచ్చు" అన్నారు. అది మంచి వార్తే, మోకాలు ముందు ముందు అరిగిపోకుండా ఉండటానికి. దానితో పాటు వచ్చిన షరతు తర్వాత తెలిసింది: కుట్లు పడ్డాయి కాబట్టి నెలన్నర దాకా ఆ కాలి మీద బరువు పెట్టకూడదు. నాతోపాటు అదే రోజు ఏసీఎల్ ఒక్కటే చేయించుకున్న కుర్రాడు మర్నాడే బ్రేస్ (మోకాలికి వేసే పట్టీ) వేసుకుని నడిచాడు. నేను రెండు చంకకర్రల మీద.

మొదటి రాత్రి సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. పగలంతా నొప్పి లేక నవ్వుతూ మాట్లాడాను. నొప్పి తెలియకుండా కాలి నరానికి విడిగా ఇచ్చిన మత్తు అర్ధరాత్రి దాటాక దిగిపోయింది. అప్పుడొచ్చిన నొప్పి గాయం రోజు కూడా లేదు. మీకైతే ఒక మాట, నొప్పి మొదలయ్యాక నర్సుని పిలవడం కాదు, మత్తు ఎప్పుడు దిగుతుందో ముందే అడిగి దానికి ముందే మాత్ర వేసుకోండి.

ఇంటికొచ్చాక అసలు సమస్య బాత్రూమ్. మాది నేలమీద కూర్చునే దొడ్డి. వంగని కాలుతో ఎలా? నాన్న అప్పటికప్పుడు మెడికల్ షాపు నుంచి కమోడ్ కుర్చీ తెచ్చాడు, 2,600. ఆపరేషన్‌కి ముందే కొనిపెట్టుకోవాల్సిన వస్తువుల్లో మొదటిది ఇదే, బ్రేస్ కన్నా ముందు. ప్యాంట్లు ఎక్కవు, నైటీలే దిక్కు. కర్రలు పట్టుకుంటే చేతిలో గ్లాసు కూడా మోయలేం, మెడలో వేలాడేసుకునే చిన్న సంచి ఒకటి అమ్మ కుట్టిచ్చింది. అందులోనే ఫోన్, మాత్రలు, మంచినీళ్ళ సీసా.

మూడో రోజు ఫిజియో ఇంటికొచ్చి "కాలు మంచం మీంచి ఎత్తు" అంది. ఎత్తలేకపోయాను. బరువు వల్ల కాదు. ఎత్తాలని అనుకుంటున్నాను, తొడ కండలో చలనమే లేదు. పదేళ్ళు ఎగిరిన కాలు అది. గాయం నుంచి ఇప్పటిదాకా నాకు నిజంగా భయమేసింది ఆ క్షణంలోనే. ఆపరేషన్ తర్వాత ఆ కండ కొన్నాళ్ళు అలా మొద్దుబారడం మామూలేనని ఆవిడ చెప్పింది. చిన్న మెషీన్‌తో కరెంట్ పెట్టి కండని లేపేది. వారం తర్వాత కాలు మంచం నుంచి జానెడు లేచింది, ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. ఆవిడకి ఒక్కో విజిట్‌కి 500.

ఇంకో వింత, మోకాలి కింద బయటివైపు అరచేయంత మేర స్పర్శ లేదు. చిన్న నరం ఒకటి కోతలో పోతుందట, చాలామందికి జరుగుతుంది. ఇప్పటికీ అక్కడ దోమ కుట్టినా తెలీదు.

సంక్రాంతికి చుట్టాలొచ్చారు. నేను హాల్లో మంచం మీద ఎగ్జిబిషన్. "ఆడపిల్లకి ఈ గెంతులాటలు ఎందుకని ఆ రోజే చెప్పాను" అని ఒకరు, "సంబంధాలు చూసేటప్పుడు కాలు సంగతి చెప్పకండి" అని ఇంకొకరు. అమ్మ ఏమీ అనకుండా అరిసెలు పెట్టింది. వాళ్ళు వెళ్ళాక మాత్రం "నువ్వు నవంబర్‌లో ఆడి తీరాలి" అంది. నవంబర్ అని ఎవరు చెప్పారో, ఎక్కడ విందో.

పండగ తర్వాత మంచం మీదే పాత రైల్వే నోటిఫికేషన్లు తీసి మొదటి పేజీ నుంచి చదివాను. అప్పుడు లెక్క అర్థమైంది. ఓపెన్ స్పోర్ట్స్ కోటాకి వయసు 18 నుంచి 25. ఏ వర్గానికీ సడలింపు లేదు. నేను పుట్టింది 2000 ఆగస్టులో. ఇంకొకటి, ఆటలో సాధించినవి ఆ ఆర్థిక సంవత్సరం, దానికి ముందు రెండు ఆర్థిక సంవత్సరాలవే లెక్కలోకి వస్తాయి. నా దగ్గర పనికొచ్చే జాతీయ స్థాయి సర్టిఫికెట్ ఒక్కటే, 2022-23లోది. అంటే 2024-25లో పడే నోటిఫికేషన్‌కే అది చెల్లుతుంది. 2025 మార్చి దాటితే సర్టిఫికెట్ పనికిరాదు, ఆ తర్వాత వయసూ పనికిరాదు. గాయపడ్డ ఏడాది ఎలాగూ ఖాళీ. మంచం మీద పడుకుని నేను లెక్కపెట్టుకున్నది మోకాలు వంగే డిగ్రీలు కాదు, ఇవి. విదేశీ ప్లేయర్లకి గాయమైనా కాంట్రాక్టు డబ్బు వస్తుంటుంది. ఎన్‌బీఏ ఆటగాడు క్లే థాంప్సన్ రెండు గాయాలతో 941 రోజులు ఆటకి దూరమై మళ్ళీ వచ్చాడని ఫ్రెండ్ వీడియో పంపింది. చూసి సంతోషించాను. అన్ని రోజులు నా సర్టిఫికెట్ ఆగదు కదా అని కూడా అనుకున్నాను.

ఫిబ్రవరిలో కర్రలు వదిలాను. స్కూలు వాళ్ళు రెండు నెలలు జీతం ఆపారు, తర్వాత కూర్చుని చేసే పనులు ఇచ్చారు, పరీక్షల డ్యూటీ, హాజరు రిజిస్టర్లు. మార్చిలో నడక మామూలైంది, నొప్పి లేదు. ఇదే చెడ్డ సమయం అని ఫిజియో హెచ్చరించింది. లోపల పెట్టిన స్నాయువు మొదట్లో బలంగానే ఉంటుంది, తర్వాత శరీరం దాన్ని మార్చుకుంటూ లిగమెంట్‌గా చేసుకునే క్రమంలో ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య బాగా బలహీనపడుతుంది. మనకేమో అప్పుడే ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. బస్సు కోసం పరిగెత్తబోయి ఆగిన సందర్భాలున్నాయి. టేపుతో కొలిస్తే ఎడమ తొడ కుడిదానికన్నా నాలుగు సెంటీమీటర్లు సన్నం. గుడ్లు, పెసలు, పాలు అంటూ అమ్మ వెంటపడింది.

ఏప్రిల్ చివర్లో జాగింగ్‌కి అనుమతి వచ్చింది. గుంటూరులో ఆటగాళ్ళతో పనిచేసే ఫిజియో దొరక్క, స్కూలు సెలవులు ఇవ్వగానే హైదరాబాద్ మల్కాజ్‌గిరిలో పిన్ని వాళ్ళింటికి వెళ్ళాను. సెషన్‌కి 800, వారానికి రెండు. మొత్తం ఖర్చులో నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే. ఆపరేషన్ ఒకేసారి కొట్టే దెబ్బ, ఫిజియో నెలల తరబడి కారే కుళాయి. చాలామంది నాలుగో నెలలో ఇక్కడే ఆపేసి గ్రౌండ్‌కి వెళ్ళిపోతారు. నేను సెలవుల తర్వాత గుంటూరు వచ్చేసి, వీడియోలో చూపిస్తూ నెలకోసారి వెళ్ళి కలిసేలా ఒప్పందం చేసుకున్నాను. ఖర్చు సగం అయింది.

హైదరాబాద్‌లో మొదట నేర్పింది ఎగరడం కాదు, దిగడం. చిన్న బల్ల మీంచి రెండు కాళ్ళతో దిగాలి, చప్పుడు రాకూడదు, మోకాళ్ళు లోపలికి వాలకూడదు. పదేళ్ళ ఆటలో ఒక్క కోచ్ కూడా నాకు దిగడం నేర్పలేదు. ఈ గాయం అబ్బాయిలకన్నా అమ్మాయిలకి ఎక్కువ, ఆ సంగతి తెలిసీ మన శిబిరాల్లో వార్మప్ అంటే ఇప్పటికీ కోర్టు చుట్టూ అయిదు రౌండ్లు. ఇప్పుడు మా స్కూలు పిల్లలకి బంతి ఇచ్చే ముందు దిగడం చేయిస్తున్నాను, విసుక్కుంటారు.

ఆగస్టులో తొందర మొదలైంది. అప్పటికి ఎనిమిది నెలలు. మోకాలు బాగుంది, ఊళ్ళో ప్రైజ్‌మనీ టోర్నీ ఉంది, టీమ్ పిలుస్తోంది. హైదరాబాద్ ఫిజియో ఒక అధ్యయనం గురించి చెప్పాడు. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల దాకా ఆట ఒక్కో నెల ఆలస్యం చేసే కొద్దీ మళ్ళీ గాయమయ్యే ప్రమాదం సుమారు సగానికి తగ్గుతూ వస్తుందట. "టోర్నీ ప్రైజ్‌లో నీ వాటా ఎంత?" అన్నాడు. మూడు వేలు. "ఇంకో ఆపరేషన్ ఎంత?" అన్నాడు. వెళ్ళలేదు.

తొమ్మిది నెలలయినా కేలండర్ చూసి వదలరు, పరీక్షలుంటాయి. ఒంటికాలి గెంతుల్లో నాలుగు రకాలు, దూరం, వేగం కొలుస్తారు. ఆపరేషన్ కాలు రెండో కాలిలో కనీసం 90 శాతం చేయాలి. మొదటిసారి ఒకదాంట్లో తప్పాను. వెనక్కి పంపారు, నెల తర్వాత దాటాను. దానితో పాటు 12 ప్రశ్నల కాగితం ఇచ్చారు. "మళ్ళీ గాయమవుతుందని భయంగా ఉందా", "మోకాలి గురించి ఆలోచించకుండా ఆడగలవా" లాంటివి. గెంతుల్లో పాసైనా కాగితంలో నా మార్కులు తక్కువ. దానికి మందు లేదు. లేఅప్‌లు (రింగ్ దగ్గరికి పరిగెత్తి ఎగిరి బంతి వేయడం), ఆ తర్వాత ఒకరితో ఒకరు, ముగ్గురితో ముగ్గురు, అలా పెంచుకుంటూ పోవడమే. బ్రేస్ వేసుకుంటానంటే అవసరం లేదన్నారు. అయినా నెలరోజులు వేసుకున్నాను, ధైర్యానికి.

నవంబర్ రెండో వారంలో మ్యాచ్. అమ్మ చెప్పిన నెలే. మొదటి క్వార్టర్ అంతా బంతి రాగానే వదిలించుకున్నాను. రెండో క్వార్టర్‌లో లూజ్ బాల్ కోసం దూకి ఎడమ మోకాలి మీదే పడ్డాను. హాల్ మొత్తం నిశ్శబ్దం. లేచాను. నొప్పి ఉంది, పడితే ఎవరికైనా ఉండే నొప్పి. అక్కడి నుంచి ఆడాను.

మిగిలింది పరుగుపందెం. రాష్ట్ర జట్టు ఎంపికలకి వెళ్ళాను, ప్రాబబుల్స్‌లో (మొదటి వడపోత జాబితాలో) ఉన్నాను, చివరి 12 మందిలో లేను. ఏడాది ఆడనిదాన్ని పక్కనపెట్టడం అన్యాయమని అనను. 2025 జనవరి భావ్‌నగర్ నేషనల్స్ కూడా అలా ఫోన్లోనే చూశాను. జాతీయ క్రీడలైతే (నేషనల్ గేమ్స్) మాలాంటివాళ్ళకి ఇంకా ఇరుకు. వాటిలో రైల్వేకి విడిగా జట్టు ఉండదు, అందుకని రైల్వేలో ఉన్న అక్కలు రాష్ట్రాల తరఫున దిగుతారు. వాళ్ళతో పోటీపడి చోటు సంపాదించాలి.

ఈలోగా ఒక రైల్వే జోన్ నోటిఫికేషన్ పడింది, బాస్కెట్‌బాల్ మహిళలకి రెండు పోస్టులు. వయసు తేదీ 2025 జనవరి 1. నేను లోపలే ఉన్నాను. సర్టిఫికెట్ కూడా లోపలే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, మహిళలకి ఫీజు 250, ట్రయల్స్‌కి హాజరైతే బ్యాంకు చార్జీలు పోను తిరిగొస్తుంది. వచ్చింది కూడా, చాలా నెలల తర్వాత. కష్టమల్లా కాగితాల దగ్గర. సర్టిఫికెట్‌లో ఆడినట్టు ఉంటే చాలదు, జట్టు ఎన్నో స్థానంలో నిలిచిందో ఉండాలి. నాదాంట్లో అది లేదు. దానికోసం వేరే పత్రం, సంతకం, ముద్ర. చివరి తేదీకి రెండు రోజుల ముందు చేతికొచ్చింది. టోర్నీ అయిపోయిన రోజే స్థానం రాసి ఉందో లేదో చూసుకుని, లేకపోతే అక్కడే అడగండి.

ట్రయల్స్ పిలుపుకి రెండు నెలలు ఎదురుచూశాను. రెండు రోజుల ట్రయల్. మొదట ఒరిజినల్స్ పరిశీలన, అక్కడే కొంతమంది ఇంటిముఖం పట్టారు. తర్వాత పరుగులు, గెంతులు, డ్రిబ్లింగ్, షూటింగ్, మ్యాచ్. ట్రయల్‌కి 40 మార్కులు, 25 వస్తేనే ఫిట్. మోకాలి మచ్చలు కనపడకుండా షార్ట్స్ కింద టైట్స్ వేసుకున్నాను. దాచాల్సిన అవసరం ఏ నిబంధనలోనూ లేదు, నా టెన్షన్ అంతే. మ్యాచ్ అయ్యాక ఒక సెలెక్టర్ మేడమ్ పక్కకి పిలిచి "ఎడమదా?" అంది. అవునన్నాను. "దిగేటప్పుడు ఇంకా ఆలోచిస్తున్నావు. నాది కుడిది, 2009లో" అని భుజం తట్టి వెళ్ళిపోయింది.

నెలన్నర తర్వాత ఫలితం. ట్రయల్‌లో ఫిట్. తుది జాబితాలో లేను. మొత్తం వంద మార్కుల్లో 40 ట్రయల్‌కి పోతే, 50 ఆటలో సాధించినవాటికి, 10 చదువుకి. ఎంపికైన ఇద్దరిలో ఒకమ్మాయి ఇండియా క్యాంపుల దాకా వెళ్ళిన ప్లేయర్. ఆ 50లో నాకు ఒక్క సర్టిఫికెట్, వాళ్ళకి మూడేళ్ళవీ. మోకాలు బాగుపడింది కానీ ఆ ఖాళీ ఏడాదికి ఫిజియో లేదు. రెండు రోజులు గది తలుపు తీయలేదు. మూడో రోజు స్కూల్లో జిల్లా మీట్ ఉంది, వెళ్ళక తప్పలేదు.

ఇప్పుడు ఎక్కడున్నానంటే: రైల్వే వయసు అయిపోయింది. ఇన్‌కమ్ ట్యాక్స్ లాంటి కేంద్ర శాఖల స్పోర్ట్స్ కోటాలో ఆటగాళ్ళకి అయిదేళ్ళ దాకా వయసు సడలింపు ఉంటుంది, రైల్వే ఒక్కటే జీవితం అనుకుని కూర్చున్న నాకు ఇది ఆలస్యంగా తెలిసింది. ఒకదానికి దరఖాస్తు చేశాను, పిలుపు రాలేదు ఇంకా. స్కూల్లో జీతం 16,000 అయింది. ఇన్విటేషన్ టోర్నీలకి పిలిస్తే వెళ్తున్నాను, దారిఖర్చు ముందే మాట్లాడుకుని. మోకాలు బాగుంది. చలికాలం పొద్దున్నే కొంచెం బిగుసుకుంటుంది, తొడ వెనక అప్పుడప్పుడు పట్టేస్తుంది. వారానికి రెండుసార్లు జిమ్ మానకూడదన్నారు, మానడం లేదు.

ఎమ్మారై, ఆపరేషన్, మందులు, ఫిజియో, ప్రయాణాలు, ఆగిపోయిన జీతం అన్నీ కలిపి నాలుగు లక్షలకి కాస్త తక్కువ అయింది. అమ్మ గొలుసు ఒకటి విడిపించాం, రెండోది ఇంకా బ్యాంకులోనే ఉంది. ఈ గాయంతో ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో ఏమడగాలో తెలియకపోతే మొహమాటం లేకుండా అడగండి. ఇంప్లాంట్ల స్టిక్కర్లతో సహా బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, ఆసుపత్రి పేరు తీసేసి ఫొటోలు పంపిస్తాను.